తువ్వాలు కప్పిన కంప్యూటర్

మా ఇంట్లోకి బయటివాళ్లు ఎవరు అడుగుపెట్టినా ముందు కుర్చీ వేయరు, మగ్గం మీద తువ్వాలు వేస్తారు. చీర సగం నేసినా, నాలుగు వేళ్ల మందమే నేసినా, ముందు అంచు కనబడకుండా కప్పాలి. ఆ తర్వాతే "ఏందన్నా, మంచిగున్నవా?" అని పలకరింపు. గద్వాలలో మా వీధి వీధంతా అంతే. చీర గడప దాటేదాకా అంచు ఇంటిగుట్టు.

ఈ పట్టింపు అందరికీ ఉన్నా మా నాయినకు మరీ ఎక్కువ. దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన కొత్త అంచు ఒకటి గళ్ల కాగితం మీద గీసి ఒక షావుకారుకు చూపించాడు. షావుకారు "ఆలోచిస్త" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా చీర మగ్గం దిగకముందే జాతరలో ఒకావిడ అదే అంచు కట్టుకుని మాకు ఎదురొచ్చింది. అమ్మ నమ్మలేక ఆమె వెనకాలే చాలా దూరం నడిచింది. నేను అమ్మ కొంగు పట్టుకుని నడిచాను. ఇంటికొచ్చాక నాయిన గళ్ల కాగితాల కట్ట మొత్తం పొయ్యిలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయన అంచులన్నీ ఆయన తలలోనే ఉన్నాయి.

తల బాగానే ఉంది కానీ కళ్లు మోసం చేశాయి. పోగు కనిపించడం లేదని ఆయన ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. అంచు దగ్గర తప్పులు చూసి అమ్మే కనిపెట్టింది. కర్నూలుకు తీసుకెళ్తే నీటికాసులన్నారు. పోయిన చూపు రాదని, ఉన్నదీ నిలవకపోవచ్చని చెప్పారు. రెండేళ్లలో ఆయనకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియని స్థితి వచ్చింది. మగ్గం గుంటలో నేను కూర్చున్నాను. నేను నేసిన చీరల అంచులు మామూలువి, ఎవరైనా నేసేవి. నాయిన వాటిని తడిమి చూసి పక్కన పెట్టేసేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది.

కంప్యూటర్ ఆ రోజుల్లోనే మా ఇంటికి వచ్చింది. ఇంటర్ తప్పి నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ సారుది అది. ఆయన దాన్ని తెచ్చిన కొత్తలో ఊరంతా వచ్చి చూసిపోయింది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని ఆయన షరతు. కొన్నేళ్లకే అది పాతబడింది. సారు ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసి సొంతూరు వెళ్లిపోతూ దాన్నీ, దాని ప్రింటర్నీ నాకిచ్చాడు. "పారేయబుద్ధి కాలేదమ్మా, నువ్వయితే చూసుకుంటవ్," అన్నాడు. మా ముందుగదిలో, మగ్గానికి నాలుగడుగుల దూరంలో, బల్ల మీద పెట్టుకుని దరఖాస్తులు, ప్రశ్నపత్రాలు టైపు చేసిచ్చేదాన్ని. ఫ్లాపీ పెట్టే చోటు అప్పటికే పనిచేయదు. కంప్యూటర్‌లో ఎక్కించింది కాగితం మీదకు రావాల్సిందే తప్ప మరో దారిలో బయటికి రాదు.

ఒక రోజు నాయినే అడిగాడు. "బిడ్డా, దాంట్ల పెట్టింది ఎవడన్న చూడొచ్చునా?"

"తెర ఆర్పేస్తే ఎవరికి కనిపిస్తది నాయినా?"

"దాని కడుపుల కెల్లి బయటికి తియ్యొచ్చునా?"

ఫ్లాపీ సంగతి చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "గట్లనే ఉండాలె. లోపటికి పోయింది బయటికి రావద్దు. రాసుకో."

అలా మొదలైంది. అంచు అంటే ఏముంది, ఒక్కో వరుసలో ఏ పోగు లేవాలి, ఏ పోగు ఆగాలి అన్నదే. లేచే పోగుకు నక్షత్రం గుర్తు, ఆగే పోగుకు చుక్క. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని "మూడు లేపు, రెండు ఇడువు, ఒకటి లేపు, అయిదు ఇడువు" అని చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. యాభై అరవై వరుసలు పూర్తయ్యేసరికి తెర మీద గుడి గోపురమో, హంసో, నేను పేరు పెట్టలేని తీగో లేచి నిలబడేది. కళ్లు లేని మనిషి నోట్లోంచి బొమ్మ రావడం చూసి మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. ఆయనకు చెప్పలేదు. చెబితే "ముందు వరుస చూసుకో" అనేవాడు.

ఏడాది పైగా పట్టింది. పందొమ్మిది అంచులు ఎక్కించాం. మొదట్లో గడగడా చెప్పిన మనిషి చివరికొచ్చేసరికి మధ్యలో ఆగిపోయేవాడు. ఒక్కోసారి నిన్న చెప్పిన వరుసే మళ్లీ చెప్పేవాడు. పద్దెనిమిదోదానికి పదిహేను రోజులు తీసుకున్నాడు. పందొమ్మిదోది పూర్తయ్యాక "ఇగ ఒడిసింది బిడ్డా, నా సంచి ఖాళీ," అన్నాడు.

ఆ తర్వాత మాకొక అలవాటయింది. సాయంత్రం మగ్గం దిగగానే ఆయన "జర సదువు" అనేవాడు. ఏదో ఒక అంచు తీసి పై వరుస నుంచి చదివేదాన్ని. ఆయన వేళ్లు మోకాలి మీద కదిలేవి. లేపు అన్నప్పుడు వేలు లేచేది. చదవడం అయ్యాక కూడా కాసేపు ఆ వేళ్లు ఆగేవి కావు. ఆ కాసేపు ఆయనకు చూపున్నట్టే ఉండేది. చేయి తిరిగాక ఒక్కొక్క అంచే నేసి ఆయన వేళ్లకు అందించాలని నా ఆశ. అప్పటికి నా చేతికి అంత పనితనం లేదు. మూడేళ్లు పడుతుందో, నాలుగేళ్లు పడుతుందో, కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ భద్రమైన కంప్యూటరే మొరాయించింది. మొదట పొద్దున పూట లేచేది కాదు. మూడుసార్లు మీట నొక్కి, పక్కన చేత్తో ఒకటి చరిస్తే గుర్రుమని లేచేది. తర్వాత చరిచినా లేవడం మానేసింది. లేచినా దరఖాస్తు మధ్యలో బిగుసుకుపోయేది. కరెంటు వోల్టేజీ తగ్గితే దాని ప్రాణమూ, దానితోపాటు నా ప్రాణమూ పోయేవి. నాకు దరఖాస్తుల బెంగ లేదు. ఆ డబ్బా ఒక రోజు లేవకపోతే నాయిన పందొమ్మిది అంచులూ లేవవు. ఇది తెలిసి కూడా నేను చేయగలిగింది దాన్ని చరచడమే.

ప్రింటరుందిగా, అచ్చు తీసుకుంటే పోలేదా అంటారు. అమ్మ కూడా అదే అంది. "కడుపుల దాసుకుంటే ఏమొస్తది? కాయితం మీద కొట్టి నా పెట్టెల పెట్టున్రి." నాయిన వినలేదు. "ఒక్క కాయితం బయటికొచ్చినా ఊరుకోను," అన్నాడు. అయినా ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నాడనుకుని కాగితం ఎక్కించాను. ఆ ప్రింటరు సూదులు గుద్దుతూ కీచుమని కొట్టేది. పది వరుసలు కూడా కాలేదు, లోపలి గదిలోంచి కేక.

"ఏం కొడుతున్నవ్?"

"దరఖాస్తు నాయినా."

"దరఖాస్తు చప్పుడు గట్లుండది."

చప్పుడు ఆగి, సాగి, మళ్లీ అదే తీరుగా ఆగడం ఆయనకు వినబడింది. ఎన్నో ఏళ్లు మగ్గం చప్పుడు విన్న చెవి. మాట మార్చే ధైర్యం లేక కాగితం లాగి ఆయన ముందే చించాను. చిరిగిన ముక్కలు చేతికివ్వమన్నాడు, ఇచ్చాను. ఇప్పటికీ ఆ ముక్కలు తలుచుకుంటే నా మీద నాకు ఒళ్లు మండుతుంది. అంత పెద్దదాన్ని, అమ్మ పుట్టింటి సాకు చెప్పి ఇద్దరినీ రెండు రోజులు పంపించి అచ్చు కొట్టుకోవచ్చు కదా! కానీ గుడ్డివాడిని మోసం చేసినట్టవుతుందని చేయలేకపోయాను.

వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఉన్నాడని విని, డబ్బాను బొంతలో చుట్టి బస్సెక్కాను. కండక్టరు "ఏందమ్మ అది, టీవీనా?" అన్నాడు. కంప్యూటర్ అంటే, "అయితే ఒడిల పెట్టుకో, కింద పెడితే బస్సు ఎత్తేస్తది," అన్నాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ మీదుగా బస్సు పోతుంటే అందరితో పాటు నేనూ ఒక రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. డబ్బా మంచిగుండాలని మొక్కుకున్నాను.

మెకానిక్ నాకంటే పదేళ్లు పెద్దవాడు, నెమ్మదస్తుడు. మూత విప్పి చూసి నవ్వాడు.

"చెల్లె, మీ ఇంట్ల పరుపులు కుడతరా?"

లోపలంతా మగ్గం నూగు, దూది పేరుకుపోయి మెత్తగా ఉంది. మగ్గం ఉందని చెప్పాను. అతను దూది ఊది, బ్రష్షుతో తుడిచి, చాలాసేపు చూసి, మూడు దారులున్నాయని చెప్పాడు. రిపేరు చేస్తే ఇప్పటికి నడుస్తుంది, ఎన్నాళ్లో చెప్పలేడు, దీని సామాన్లు హైదరాబాదులో కూడా దొరకడం లేదు. లేదంటే లోపలి పెద్ద బోర్డు తీసేసి కొత్త బోర్డు వేయొచ్చు, డబ్బా, ఎక్కించినవన్నీ దాచే డిస్కు ఇవే ఉంటాయి. అదీ కాకపోతే దీన్ని పాత సామాన్లవాడికేసి కొత్తది కొనుక్కోవడం.

"నువ్వయితే ఏం జేస్తవన్నా?" అన్నాను.

"నేనైతే కొత్తది కొంట. కానీ నేను కొంటెనని నువ్వు కొనగలుగుతవా?"

ఆ మాట నిజమే. డబ్బాను రాత్రిపూట అక్కడ వదలడానికి నాయిన ఒప్పుకోడు కాబట్టి మళ్లీ బొంతలో చుట్టుకుని ఇల్లు చేరాను.

వారం రోజులు మా ఇంట్లో అదే చర్చ. రిపేరు చేయిస్తే మళ్లీ ఎప్పుడు పడకేస్తుందో తెలియదు. కొత్తది కొనే తాహతు లేదు, కొన్నా పాతదాంట్లోవి అందులోకి ఎలా వెళ్తాయో నాకు తెలియదు. అడగాలంటే ఏం ఉన్నాయో చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అనుకునేదాన్ని. చివరికి నాయినే తేల్చాడు. మా పనిలో పాత పడుగు, అంటే మగ్గానికి నిలువుగా కట్టిన పోగులు, అయిపోయాక దాన్ని మొత్తం కోసి తీసేయరు. కొసలు దువ్వెనలాంటి మగ్గం అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటి వాటికి అతుకుతారు. అలా అతికితేనే కొత్తది పాతదాని వెంట నడిచి వస్తుంది. కోసేస్తే వేల పోగులు మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి.

"పాతదాని కొస ఉంచి కొత్తది అతుకుమను," అన్నాడు నాయిన. "నీ డిస్కేందో, గది కొస. దాన్ని ముట్టొద్దను. గంతే."

నాకూ అది సబబే అనిపించింది. ఇప్పుడు ఆలోచించినా అందులో తప్పు లేదు. తప్పు తర్వాతి మాటలో ఉంది.

"లోపల ఏమున్నయో వానికి చెప్పకు. ఆయన మంచోడే ఉండొచ్చు. షావుకారి కూడ మంచోడే ఉండె." చేయి చాపాడు. నేను చేతిలో చేయి వేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు డబ్బాను మూడు రోజులు వదలక తప్పలేదు. "బోర్డు మార్చు అన్నా. డిస్కు మాత్రం ఇదే ఉండాలె," అన్నాను.

"ఇదే ఉంచుత. లోపల అవసరమున్నవి ఏమన్న ఉన్నయా చెల్లె?"

"ఏం లేవన్నా. పాత దరఖాస్తులు."

అతను స్క్రూలు విప్పుతూ మళ్లీ అడిగాడు. "నిజంగనే ఏం లేవు గదా? మల్ల నన్ను అనొద్దు."

నిజం నా నోటి దాకా వచ్చింది. పక్కన స్టూలు మీద ఇంకో మనిషి ఎవరో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతను ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. నేను మగ్గం మీద తువ్వాలు వేసినట్టు నవ్వి, "ఏం లేవు," అన్నాను. అలా అబద్ధం చెప్పగలిగినందుకు బస్సులో గర్వపడ్డాను కూడా. ఇంటికి రాగానే నాయిన "చెప్పలేదు గదా?" అంటే "చెప్పలేదు" అన్నాను. ఆయన నా తల నిమిరాడు.

మూడు రోజులకు వెళ్తే డబ్బా తుడిచి, నిగనిగలాడుతూ పెట్టి ఉంది. మీట నొక్కితే ఒక్క దెబ్బకు లేచింది. తెర మీద నేనెప్పుడూ చూడని చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. అతను సంతోషంగా చెప్పుకుపోతున్నాడు. "నువ్వన్నట్టే డిస్కు అదే ఉంచిన చెల్లె. కానీ చిన్న డిస్కు గదా, కొత్త ప్రోగ్రాములు పట్టవు. లోపల చెత్తంత తీసేసి, సాఫు జేసి, కొత్తగ ఎక్కించిన. ఇగ నీకు పరేషాన్ లేదు."

చెత్తంత. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. "అన్నా, మల్ల తీయొచ్చునా?" అన్నాను. నా గొంతు విని అతని నవ్వు ఆగిపోయింది. ఏమున్నాయని అడిగాడు. అప్పుడు చెప్పాను, దుకాణంలో నలుగురి ముందే, పందొమ్మిది అంచుల సంగతీ, నాయిన కళ్ల సంగతీ. దాయడానికి ఇంకేం మిగిలింది? అతను అన్ని పనులూ ఆపి చీకటి పడేదాకా ప్రయత్నించాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ, "ఒక్క మాట జెప్పుంటే చెల్లె, ముందు వేరేదాంట్ల దించి పెట్టేటోణ్ణి. అద్దగంట పని," అన్నాడు. అతని మీద అరుద్దామనుకున్నాను. అరవడానికి అతను చేసిన తప్పేదీ దొరకలేదు.

నాగర్‌కర్నూలులో ఒకాయనకు ఈ పని బాగా వచ్చని ఎవరో అంటే డబ్బా ఎత్తుకుని అక్కడికీ వెళ్లాను. అతను అడగకముందే మొత్తం కథ చెప్పేశాను. విని, తెరిచి చూసి, "మీద మల్ల రాసిండ్రమ్మా, ఇగ రావు," అని మూత బిగించేశాడు.

నాయినకు చెప్పలేకపోయాను. ఆయన "జర సదువు" అంటే ఒక రోజు కరెంటు లేదన్నాను. ఒక రోజు కొత్త బోర్డు ఇంకా అలవాటు కాలేదన్నాను. ఒక రోజు నాకే తలనొప్పి అన్నాను. బాగుపడిన కంప్యూటర్ మాత్రం పొద్దున్నే ఒక్క నొక్కుకు లేచి, దరఖాస్తులు చకచకా కొట్టేది. దాన్ని చూస్తే అసహ్యం వేసేది. అమ్మకు తెలుసు. అమ్మ అన్నం పెట్టేది. నేను తినకపోతే తీసేసేది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, మోకాలి మీద వేళ్లు పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఇంకో అబద్ధం నోట్లోంచి రాలేదు.

"నాయినా, అంచులు పోయినయ్."

ఆయన లేచి నిలబడబోయాడు. "ఎవడెత్తుకపోయిండు?"

"ఎవ్వరెత్తుకపోలె. చెరిగిపోయినయ్. లోపల ఏం లేవని నేనే చెప్పిన. లేవనుకుని సాఫు జేసిండు."

"ఎవ్వరు చూడలె గదా?"

"చూడలె నాయినా. ఎవ్వరు చూడలె."

"చూడలె గదా," అని మళ్లీ అని, ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో నిజంగా నిశ్చింత కనిపించింది. ఆ నిశ్చింత చూడలేకపోయాను. నా మీద అరిచి, ఏదైనా తీసుకుని విసిరినా తట్టుకునేదాన్ని.

తర్వాత వేళ్లు మళ్లీ మోకాలి మీదకు వెళ్లాయి. "ఏం కాదు తియ్, మల్ల చెప్త, రాసుకో," అన్నాడు. గభాలున లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన గోపురం అంచు అందుకున్నాడు. మూడు లేపు, రెండు ఇడువు, ఒకటి లేపు. మొదటి వరుస వచ్చింది, రెండోదీ మూడోదీ వచ్చాయి. నాలుగో వరుసలో గొంతు సన్నబడింది. అయిదో వరుస సగంలో వేలు లేచి, గాల్లోనే ఉండిపోయింది.

"తర్వాత ఏంది బిడ్డా?"

పందొమ్మిది అంచులు నా చేత్తో కొట్టాను, ఎన్నో సాయంత్రాలు నా నోటితో చదివాను. కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని ఒక్క వరుస కూడా గుర్తు పెట్టుకోలేదు.

"తెల్వదు నాయినా," అన్నాను.

ఆయన వేలు దించలేదు. నేను గుర్తు తెచ్చుకుని చెబుతానని అలాగే కూర్చున్నాడు.